సూదక్క చూపుడు వేలు

సూదక్క అసలు పేరు షూటింగ్ క్లబ్బులో ఎవరికీ గుర్తు లేదు. హాజరు పుస్తకంలో ఉంటుంది గానీ, ఆ పుస్తకం చదివేదెవరు? ఆమె దర్జీ కాబట్టి సూది. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికంటే పెద్దది కాబట్టి అక్క. రెండూ కలిసి సూదక్క అయింది.

ఆమె కుట్టేవి ఒంటిమీద కట్టుకునే బట్టలు కావు. దుకాణాల ముందు ఎండకి కట్టే పరదాలు, బస్సు సీట్ల తొడుగులు, సామాన్ల లారీల మీద కప్పే టార్పాలిన్లు, ఇలాంటివి. ఆ కుట్టుకొట్టు ఆమె అత్తగారు పెట్టింది. చెప్పుల దుకాణం పైన ఒకే ఒక్క పెద్ద గది. మధ్యలో తలుపంత వెడల్పు కోతబల్ల, కిటికీ పక్కన రెండు మిషన్లు, గోడ మేకులకి ఐదు కత్తెర్లు. అత్తగారికి డెబ్బై రెండేళ్లు. ఇప్పటికీ రోజూ పదింటికల్లా మెట్లెక్కి వచ్చి కిటికీ దగ్గర మిషన్ ముందు కూర్చుంటుంది. "పల్చటి గుడ్డ ఎవరైనా కుడతారు. ముతక గుడ్డ దగ్గరే మనిషి పస తెలిసేది" అంటుంది.

ఆ ముతక గుడ్డే కోడల్ని షూటింగ్‌లోకి లాక్కెళ్లింది. ఆరేళ్ల కిందట, ఆమెకి నలభై మూడేళ్లప్పుడు, ఒక పెద్దమనిషి భుజం దగ్గర చిరిగిన కోటు పట్టుకొచ్చాడు. అట్టలా బిర్రుగా ఉన్న కోటు. రైఫిల్ కాల్చేవాళ్లు ఒళ్లు కదలకుండా వేసుకునేదట. ఆయన బ్యాంకు కాపలా ఉద్యోగంలో రిటైరై క్లబ్బులో నేర్పిస్తున్నాడు. అందరూ మాస్టారు అంటారు.

ఆమె కోటుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేసుకుని మీవాళ్లు ఎలా నిలబడతారో చూడకుండా ఎక్కడ గట్టిగా కుట్టాలో ఎక్కడ వదలాలో నాకెలా తెలుస్తుంది మాస్టారూ?" అంది.

"అయితే వచ్చి చూడండి" అన్నాడాయన.

ఈత కొలను వెనకాల రేకుల షెడ్డు. ఒక చివర వరసగా బల్లలు. పది మీటర్ల అవతల రెండో చివర వేలాడే అట్టలు. అట్ట మీద నల్లటి గుండ్రం, దాని నడిమధ్యలో చొక్కా గుండీ అంత చోటు. అక్కడ తగిలితే పది పాయింట్లు. ఆమె చూడాల్సింది చూసి, కొలవాల్సింది కొలిచి, ఇక వెళ్లబోతుంటే మాస్టారు ఎయిర్ పిస్టల్ ఒకటి చేతికిచ్చి ఐదు గుళ్లు కాల్చి చూడమన్నాడు. మూడు అట్ట బయటికే పోయాయి. రెండు నలుపులో పడ్డాయి.

"నీ చెయ్యి వణకడం లేదమ్మా" అన్నాడు మాస్టారు. మీరు నుంచి నువ్వులోకి ఆయన అక్కడే దిగాడు.

"వణికితే గుడ్డ వంకర పోతుంది కదండీ" అందామె.

కోటు కుట్టి ఇచ్చేసింది గానీ తను మాత్రం అక్కడే ఉండిపోయింది. వారానికి మూడు సాయంత్రాలు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మొదట విన్నప్పుడు, "ఇంట్లో నీ మాటతోనే సరిపోతోందిగా, మళ్లీ పిస్టల్ ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత నోరెత్తలేదు. షెడ్డు నుంచి వచ్చిన రోజుల్లో ఆమె మొహం తేటగా ఉండడం ఆయన కనిపెట్టాడు. అక్కడ గంటసేపు ఎవరూ ఏమీ అడగరు. కొలత చెప్పమనరు, ఎప్పటికవుతుందనరు. ఊపిరి, చెయ్యి, ఆ గుండీ అంత చోటు, అంతే.

ఆరో ఏట ఆమెకి ప్రాంతీయ పోటీలకి అర్హత వచ్చింది. అరవై గుళ్లు కాల్చాలి, మొత్తం ఆరువందలకి లెక్క. సాధనలో ఐదువందల యాభై దాకా కాలుస్తోంది. పోటీ నాలుగు నెలల్లో ఉంది.

సరిగ్గా ఆ నెలలోనే ఒక పొద్దున కాఫీ తాగి కప్పు కింద పెట్టబోతే కుడి చూపుడు వేలు కప్పు చెవిని వదల్లేదు. మిగతా వేళ్లు విడిపడ్డాయి, అదొక్కటే కొక్కెంలా వంగి అలాగే ఉండిపోయింది. ఎడమ చేత్తో పట్టి లాగితే లోపల ఏదో టక్కుమని, వేలు తెరుచుకుంది. నొప్పి అరచేతిలో, వేలి మొదట్లో. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానేమోలే అనుకుంది.

మర్నాడూ అంతే. ఆ పై వారంలో పొద్దుటి పూటే కాదు, కత్తెర పట్టి గంటసేపు కోస్తే మధ్యాహ్నం కూడా. అప్పుడు చేతిలో పెద్ద పని ఉంది. ఒక సభామందిరానికి నూట ఇరవై కుర్చీల తొడుగులు. మందపాటి గుడ్డ నాలుగు మడతలు వేసి కోయాలి. కోసేది ఆమే.

షెడ్డులో లెక్కలు మెల్లగా జారాయి. ఐదువందల యాభై, నలభై ఆరు, ముప్పై మూడు, పద్దెనిమిది. ట్రిగ్గర్ రెండు అంచెల్లో నొక్కాలి. మొదటి అంచె తేలిగ్గా వెళ్లి ఒకచోట ఆగుతుంది. అక్కణ్నుంచి నొక్కీ నొక్కనట్టు నొక్కుతూ పోతే గుండు ఎప్పుడు వెళ్లిందో కాల్చేవాళ్లకే తెలియకూడదు. ఆమెకి ఇప్పుడు ముందే తెలిసిపోతోంది. వేలు సగం దూరంలో బిగుసుకుని, ఒక్కసారిగా గెంతుతోంది. దాంతో పిస్టల్ మూతి పక్కకి పోతోంది.

"ఏమైంది?" అనడిగాడు మాస్టారు.

"కళ్లజోడు పాతబడింది మాస్టారూ. మార్చాలి."

అబద్ధమాడింది కాబట్టి నిజం చెయ్యడానికి వెళ్లి కళ్లజోడు మార్చుకుంది కూడా. కొత్త అద్దాల్లో పిస్టల్ మూతి మీది గురిపలక ఎంత తేటగా కనిపించిందంటే, గుండు ఎంత పక్కకి పోతోందో మరీ బాగా తెలిసింది.

ఎందుకు దాచావంటే, చేతిపని చేసేవాళ్లకి చెయ్యి పాడైందని ఒప్పుకోవడం ఇల్లు కూలిందని ఒప్పుకోవడం లాంటిది అని చాలాకాలం తర్వాత భర్తతో అంది. చెప్పకపోతే కూలలేదేమో అనిపిస్తుందట.

దాచడానికి వీల్లేని రోజు ఒక గురువారం వచ్చింది. ఆ సాయంత్రం షెడ్డులో తొమ్మిదిమంది కాలుస్తున్నారు. ఆమె చెయ్యెత్తింది, గురి కుదరలేదు. గురి కుదరకపోతే కాల్చకూడదు, వేలు తీసేసి చెయ్యి దించేసి మళ్లీ ఎత్తాలి. మొదటిరోజే నేర్పే పాఠం అది. ఆమె చెయ్యి దించింది గానీ వేలు రాలేదు. మొదటి అంచె నొక్కి ఉన్న వేలు అక్కడే పట్టేసింది. విడిపించుకుందామని లోపల్నుంచి గుంజిందో లేదో, అది తెరుచుకోవలసింది పోయి మూసుకుంది. గుండు వెళ్లి ఆమెకి రెండు బారల దూరంలో గచ్చుకి తగిలింది.

ఎవరికీ ఏమీ కాలేదు. తగలడానికి అటు ఎవరూ లేరు కూడా. కానీ బల్ల ముందు గచ్చు మీద గుండు తగిలిన చప్పుడు ఎలా ఉంటుందో ఆ షెడ్డులో అందరికీ తెలుసు. మాస్టారు చెయ్యెత్తాడు. తొమ్మిదిమందీ పిస్టళ్లు కింద పెట్టేశారు.

ఆయన నడిచొచ్చి పక్కన నిలబడి, గొంతు పెంచకుండా, "వేలు చూపించు" అన్నాడు.

"బాగానే ఉంది మాస్టారూ."

"చూపించమన్నాను."

చెయ్యి చాచింది. నాలుగు వేళ్లు తిన్నగా ఉన్నాయి. చూపుడు వేలు మాత్రం లోపలికి వంగి తన అరచేతినే చూస్తోంది.

ఆయన పిస్టల్ తీసుకుని, ఖాళీగా ఉందో లేదో చూసి, దాని పెట్టెలో పెట్టి మూత వేశాడు. "ఆ వేలు నీ మాట వినేదాకా ఇది నా దగ్గరుంటుంది. కోపం తెచ్చుకోకు."

కోపం రాలేదు. సిగ్గేసింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆమెకి భద్రత నియమం ఎవరూ గుర్తు చెయ్యాల్సి రాలేదు. అందరూ మర్యాదకి మొహం అటు తిప్పుకుని అట్టలు మార్చుకుంటున్నారు. ఆ మర్యాదే ఎక్కువ బాధపెట్టింది. బస్సు కోసం ఆగకుండా ఇంటిదాకా నడిచే వెళ్లింది.

మర్నాడు కుట్టుకొట్టులో అత్తగారు మిషన్ ఆపి కళ్లజోడు మీంచి చూసింది. "అబ్బాయి రాత్రే చెప్పాడు. ఏదీ, ఇలా తే."

సూదక్క చెయ్యి చూపించింది. అత్తగారు వేలు మొదట్లో బొటనవేలితో వత్తి చూసింది. అక్కడ బఠాణీ గింజంత గట్టిగా తగిలింది.

"మంచిదేలే" అంది చివరికి. "ఇక నువ్వు ఎవర్నీ వేలెత్తి చూపలేవు. నాకు మనశ్శాంతి."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే కన్నీళ్లొచ్చాయి. అత్తగారు అది చూడనట్టు తన కుడిచెయ్యి బల్ల మీద పరిచి పెట్టింది. "ఇది చూడు" అంది.

ఆ బొటనవేలు పైకణుపు దగ్గర వంగి ఉంటుంది. సూదక్క ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై నాలుగేళ్లయింది. అన్నేళ్లుగా ఆ వేలితోనే అత్తగారు దారం తెంపడం, గుడ్డ మడత గీకడం చూస్తోంది.

"పుట్టుకతో అంతే కదా అత్తయ్యా?"

"పుట్టుకతో ఎవరికైనా ఇలా ఉంటుందా? నీకంటే చిన్న వయసులోనే, నువ్వు రాకముందే, నాకూ పట్టుకుంది. పొద్దున్నే పంటితో లాగి తెరిచేదాన్ని. కొట్టు కొత్తగా పెట్టాం, ఎవరికి చెప్పను? గుడ్డపేలిక చుట్టుకుని కోసుకుంటూ పోయాను. ఏడాదిన్నర పోయాక అదే తెరుచుకోవడం మానేసింది. నొప్పి కూడా పోయింది. హమ్మయ్య అనుకున్నాను." ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు అలా అనుకోకు. వెళ్లి చూపించుకో."

ఇరవై నాలుగేళ్లు ఒకే బల్ల దగ్గర పని చేసి ఆ వేలి సంగతి తను ఒక్కసారీ అడగలేదే అని ఆమె ఆ రోజంతా అనుకుంటూనే ఉంది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నడివయసు ఆవిడ. తక్కువ మాట్లాడుతుంది. వేలిని వంచి, తెరిచి, ఆ టక్కుమనే చప్పుడు రెండుసార్లు విని, కాగితం తీసుకుని బొమ్మ గీయబోయింది.

"నరం పట్టేసిందంటారా?" అనడిగింది సూదక్క.

"నరం కాదండి. వేలిని వంచే తాడు ఒకటి ఉంటుంది. అది ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్తుంది. తాడు ఒకచోట ఉబ్బింది, గొట్టం మందమైంది. ఉబ్బు అటు వెళ్లినప్పుడు బాగానే వెళ్తుంది, తిరిగి రావడానికి..."

"పైజమా బొందుకి ముడి పడితే నడుం మడతలో ఇరుక్కున్నట్టు."

డాక్టరు పెన్ను ఆపింది. "అంతే. నేను ఇన్నేళ్లుగా బొమ్మలు గీసి చెబుతున్నాను."

వేలు తిన్నగా ఉండేలా ప్లాస్టిక్ బద్ద ఒకటి కట్టింది. ఆరువారాలు తియ్యకూడదంది. ముడి ఉన్నచోట ఒక సూది వేసింది. దాంతో తగ్గితే సరే, తగ్గకపోతే, తగ్గి మళ్లీ వస్తే, చిన్న ఆపరేషన్. కత్తెర మాత్రం ముట్టుకోవద్దంది.

"నా బతుకుతెరువే కత్తెరండీ."

"అందుకే చెబుతున్నాను" అంది డాక్టరు.

కుర్చీల తొడుగులు ఇంకా డెబ్బై మిగిలాయి. అత్తగారు సుద్దతో గీతలు గీస్తానంది. కోసేదెవరు? సాయంత్రం పని నుంచి వచ్చిన భర్త, ఎవరో తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన కరెంటు కోతమిషన్ బల్ల మీద పెట్టాడు. గుండ్రటి బ్లేడు గిర్రున తిరుగుతుంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా గుడ్డ కోశావా?" అంది తల్లి.

"తిన్నగా పోవడమే కదమ్మా. లిఫ్టు కూడా తిన్నగానే పోతుంది."

"లిఫ్టుకి మలుపులు ఉండవురా. ఈ కుర్చీలకి చేతులున్నాయి."

తిన్నటి గీతల వరకూ ఆయన బాగానే కోశాడు. మలుపుల దగ్గర మిషన్ ఆపి పక్కకి జరిగితే అత్తగారు ఆ వంగిన బొటనవేలితోనే చిన్న కత్తెర పట్టుకుని మలుపు కోసేది. సూదక్క కాలితో మిషన్ తొక్కుతూ మిగిలిన నాలుగు వేళ్లతో గుడ్డ తోసేది. మూడు తొడుగులు పాడయ్యాయి. పని వారం ఆలస్యమైంది. సభామందిరం వాళ్లు కొంచెం సణిగి ఊరుకున్నారు.

క్లబ్బుకి వెళ్లడం ఆమె మానేసింది. మూడోవారంలో మాస్టారే మెట్లెక్కి కొట్టుకి వచ్చాడు. కుట్టించుకోవడానికి ఏమీ తేలేదు.

"పిస్టల్ తీసేసుకున్నాను గానీ నిన్ను రావద్దనలేదు కదమ్మా."

"వచ్చి ఏం చెయ్యను? ఊరికే కూర్చోనా?"

"రెండో చెయ్యి ఉందిగా."

ఆమె తన ఎడమచేతిని ఎవరిదో అన్నట్టు చూసింది. "దీంతో నాకు అన్నం కలుపుకోవడం కూడా రాదు."

"పిస్టల్‌తో అన్నం కలపమని ఎవరన్నారు?" అన్నాడాయన.

క్లబ్బులో పుర్రచేతి వాటం వాళ్ల కోసం చేయించిన పిడి ఉన్న పిస్టల్ ఒకటుంది. చాలాకాలంగా ఎవరూ వాడలేదు. మొదటిరోజు అది చేతిలో పెట్టుకుంటే పాదాల దగ్గర్నుంచీ అంతా తిరగబడింది. ఏ కాలు ముందు పెట్టాలో, తల ఎటు తిప్పాలో తెలియలేదు. ఆమెది కుడికన్ను గురి. అందుకని చెయ్యి ఎడమదైనా మెడ కొంచెం తిప్పి కుడికన్నుతోనే చూడాల్సి వచ్చింది. మొదటి పది గుళ్లలో ఏడు అట్ట బయట. ఆరేళ్ల కిందట మొదలెట్టినప్పటికంటే అన్యాయం. పక్క బల్ల దగ్గరున్నవాళ్లు మళ్లీ మర్యాదకి మొహం తిప్పుకున్నారు. ఈసారి ఆమెకి నవ్వొచ్చింది.

ఆ చెయ్యికి ఏ పనీ అలవాటు లేదు కాబట్టి దొంగ అలవాట్లు కూడా లేవు. కుడిచేత్తో కాల్చేటప్పుడు, ఆరేళ్లలో తనకే తెలియకుండా, గురి కుదిరిన క్షణాన్ని పట్టేసుకోవాలని వేలిని తొందరపెట్టే గుణం ఒకటి వచ్చేసింది. కత్తెర అలవాటే అది, గీత కనబడితే కోసెయ్యడం. ఎడమచెయ్యికి ఆ తొందర తెలియదు. చెప్పినంతే చేస్తుంది, అదీ ఆలస్యంగా. రెండో నెలకి అట్ట బయటికి పోయేవి ఆగిపోయాయి. నాలుగువందల అరవై, డెబ్బై, ఒకసారి ఎనభై ఐదు.

"ఇది నాకంటే బుద్ధిమంతురాలు మాస్టారూ" అంది ఒకరోజు చెయ్యి చూపించి.

ఆరువారాలకి బద్ద విప్పారు. చూపుడు వేలు వంగింది, తెరుచుకుంది. సూదిమందు పనిచేసింది. పోటీకి ఇంకా కొన్ని వారాలున్నాయి. డాక్టరు మెల్లగా మొదలెట్టొచ్చంది. మాస్టారు ఆమె పిస్టల్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుండు పెట్టకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి చూసుకోమన్నాడు. రోజుకి ఇరవైసార్లు, ముప్పైసార్లు. బాగుంది. తన చెయ్యి తనకి దొరికినట్టు అనిపించింది.

పోటీకి నాలుగురోజుల ముందు, ముప్పైలో పదిహేడోసారి, లోపల సన్నగా టక్కుమంది. వేలు పట్టెయ్యలేదు, తెరుచుకుంది కూడా. చప్పుడు పక్కవాళ్లకి వినబడదు. మాస్టారు దూరంగా ఇంకెవరికో చెయ్యి ఎలా నిలపాలో చూపిస్తున్నాడు.

ఆమె పిస్టల్ కింద పెట్టింది. కుడిచేత్తో వెళ్తే, అదృష్టం బాగుంటే, మొదటి పదిమందిలో ఉండే లెక్క వస్తుంది. ఆరేళ్ల పని అది. ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా. ఆ గురువారం గచ్చు మీద వినబడిన చప్పుడు గుర్తొచ్చింది. పోటీలో తన పక్కన కాల్చబోయేవాళ్లెవరో తనకి తెలియదు.

పెట్టె మూసి మాస్టారు దగ్గరికి తీసుకెళ్లింది. "మళ్లీ చప్పుడు చేసింది. ఇది మీ దగ్గరే ఉంచండి. పేరు మాత్రం తియ్యకండి. ఎడమచేత్తో కాలుస్తాను."

"ఆఖర్న వస్తావు."

"ఎవరో ఒకరు రావాలిగా."

పోటీ వేరే ఊళ్లో, కొత్తగా కట్టిన పెద్ద హాలులో. భర్త సెలవు పెట్టి కూడా వచ్చాడు. ప్రేక్షకుల వరసలో కూర్చుని హాలు మూలనున్న సరుకుల లిఫ్టునే చూస్తూ ఉన్నాడు. నలభై నాలుగుమంది ఆడవాళ్లు. ఆమెది ముప్పై ఒకటో బల్ల. కుడివైపు బల్ల దగ్గర నిలబడ్డ అమ్మాయి ఆమె నిలబడ్డ తీరు చూసి, "మీది పుర్రచేతి వాటమా ఆంటీ?" అని అడిగింది.

"ఈమధ్యనే అయిందమ్మా" అంది సూదక్క.

గంటా పావు సమయం. మొదటి పది గుళ్లకి డెబ్బై నాలుగు వచ్చాయి. హాలులో అన్ని వైపులనించీ చిటపటమని చప్పుళ్లు. ఆమె తనకి తెలిసిన ఒకే పని చేసింది. చెయ్యెత్తడం, కుదరకపోతే దించడం, మళ్లీ ఎత్తడం. చాలామంది ముగించి బల్లలు సర్దుకుంటున్నప్పుడు ఆమెకి ఇంకా పద్నాలుగు మిగిలాయి. భుజం నొప్పెట్టింది. యాభై మూడోది, యాభై నాలుగోది, యాభై ఐదోది వరసగా మూడూ గుండీ అంత చోటులో పడ్డాయి. ఎలా పడ్డాయో ఆమెకే తెలియదు. గుండు ఎప్పుడు వెళ్లిందో నిజంగా తెలియలేదు. ఆ తర్వాతది ఆరులో పడింది. అది మాత్రం తెలిసింది.

మొత్తం నాలుగువందల తొంభై ఒకటి. నలభై నాలుగుమందిలో నలభయ్యో స్థానం.

బయట మెట్ల మీద కూర్చుని భర్త తెచ్చిన అరటిపండు తింటూ, "ఆఖర్న వస్తానన్నారు మాస్టారు. నా వెనక నలుగురున్నారు" అంది.

"ఆ నలుగురి చేతులూ బాగానే ఉన్నాయా?" అనడిగాడాయన. ఇద్దరూ అరటితొక్క ఎక్కడ పడెయ్యాలో తెలియక కాసేపు వెతికారు.

మరో రెండు నెలలకి వేలు మళ్లీ పూర్తిగా పట్టేసింది. ఈసారి ఆమె ఆలస్యం చెయ్యలేదు. ఆపరేషన్‌కి అత్తగారు తోడొచ్చింది. అరచేతికి మాత్రం మత్తిచ్చారు, మనిషి మెలకువగానే ఉంది. ఆకుపచ్చ గుడ్డ అవతల డాక్టరు తల కనబడుతోంది.

"ఏం చేస్తున్నారో చెప్పొచ్చా డాక్టరుగారూ?"

"మడతని పొడుగ్గా చీరుతున్నాను. బొందుని ముట్టుకోను."

"అంటే కుట్టు విప్పడమే."

"కుట్టు విప్పడమే" అంది డాక్టరు. కాసేపటికి, "ఇప్పుడు వేలు వంచండి. తెరవండి" అంది.

వంచింది, తెరిచింది. ఆర్నెల్ల కిందటి వరకూ ఎన్నడూ పట్టించుకోని పని. వేలు నీళ్లలోంచి లేచినట్టు లేచింది. ఆమె చప్పుడు కోసం ఎదురుచూసింది. చప్పుడు రాలేదు. మళ్లీ వంచి చూస్తానంది, చూడమన్నారు. మూడుసార్లు చూసింది.

కట్టు కట్టాక డాక్టరు బయట బెంచీ మీదున్న అత్తగారి చేతిని గమనించి, ఆవిడ బొటనవేలు కూడా వంచి చూసింది. కణుపు బిగుసుకుపోయింది, కొంత వరకు మాత్రం తెరిపించొచ్చు, ప్రయత్నిద్దామా అనడిగింది.

"వద్దమ్మా" అంది అత్తగారు. "దీంతో ఒక ఒప్పందానికి వచ్చాను. ఇప్పుడు తిన్నగా చేస్తే సూదిలోకి దారం ఎక్కించడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. కోడలు ఉంది, దానిది సరిచేశారు కదా, చాలు."

కుట్లు విప్పాక కూడా రెండు నెలలు అరచేతిలో మచ్చ ముట్టుకుంటే చురుక్కుమనేది. పిస్టల్ కొయ్య పిడి సరిగ్గా అక్కడే ఆనేది. మాస్టారు ఆకురాయి పట్టి ఆ చోట కొంచెం అరగదీశాడు. ఆమె దాన్ని పట్టి చూసి, ఇంకో వెంట్రుకవాసి తియ్యమంది. అలా నాలుగు సాయంత్రాలు ఇద్దరూ పిడి అరగదీయడంలోనే గడిపారు.

కుట్టుకొట్టులో కరెంటు కోతమిషన్ కొనుక్కున్నారు. తిన్నటి కోతలన్నీ దాంతోనే. పెద్ద కత్తెర రోజుకి గంట కంటే ఎక్కువ పట్టదు. మధ్యలో ఆపి గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి పెట్టి వేళ్లు ఆడిస్తుంది. మొదట్లో అత్తగారు గుర్తు చేసేది, ఇప్పుడు చెయ్యక్కర్లేదు. పని కొంచెం నిదానించింది. తొందర పడేవాళ్లు వేరేచోటికి వెళ్తారు, కొందరు తిరిగొస్తారు.

షూటింగ్‌లో కుడిచెయ్యి తిరిగొచ్చింది గానీ మునుపటిలా రాలేదు. ఐదువందల ముప్పై ఐదు, నలభై, బాగా కుదిరిన రోజున నలభై నాలుగు. ఆ పాత యాభై ఎదురుగా కనిపిస్తుంది, అందదు. మరుసటి ఏడు పోటీల్లో కుడిచేత్తో కాల్చి పంతొమ్మిదో స్థానంలో వచ్చింది. "యాభై ఏళ్ల మనిషికి పంతొమ్మిది తక్కువేం కాదు" అన్నాడు మాస్టారు. "తక్కువే" అందామె. "కానీ పర్వాలేదు." వారంలో ఒకరోజు మాత్రం ఎడమచేతికి కేటాయించింది. ఆరోజు లెక్క రాసుకోదు.

ఈ మధ్య క్లబ్బువాళ్లు పెద్ద వయసులో కొత్తగా నేర్చుకునేవాళ్లని ఆమెకి అప్పగించారు. శనివారం మధ్యాహ్నాలు, ఏడుగురు. ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, ఒక బేకరీ ఆయన, ఎలక్ట్రిక్ మీటర్లు చదివి చదివి విసుగెత్తిన ఒకాయన, మిగతావాళ్లు. మొదటిరోజు సూదక్క వాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరి అరచెయ్యి పట్టి వేళ్ల మొదట్లో వత్తి చూసింది. ఎక్కడైనా నొప్పుందా, పొద్దున్నే ఏ వేలైనా మొరాయిస్తోందా అనడిగింది. బేకరీ ఆయన ఉంగరం వేలు గురించి చాలాసేపు తటపటాయించి ఒప్పుకున్నాడు. ఆయన్ని ముందు ఆసుపత్రికి వెళ్లిరమ్మంది.

పావుగంటయింది. హెడ్‌మిస్ట్రెస్‌కి ఓపిక అయిపోయింది.

"పిస్టల్ ఎప్పుడిస్తారండీ?" అంది.

"ఇస్తానమ్మా" అని సూదక్క పక్కవాళ్ల చెయ్యి అందుకుంది.